వద్దంటే వద్దే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలకు ఓర్పుగా పని నేర్పే ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చానా అని మా ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ అనుమానమే. నిజానికి నా కోపమంతా పెద్దవాళ్ళ మీదే. పిల్లల జోలికి అదెప్పుడూ పోలేదు.

ఆ అమ్మాయి మా సెంటరుకు వచ్చినప్పుడు పన్నెండేళ్ళది. కంచంలో తను అడగనిది పడితే చెవులు మూసుకుని కేకలు పెట్టేది. కేక బదులు ‘వద్దు’ అనడం నేర్పడానికి మాకు ఏడాది పట్టింది. తను ఆ మాట అనగానే చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపేసేవాళ్ళం. ఎదుటివాళ్ళు వద్దంటే తనూ అలాగే ఆపాలని నేర్పాం. ఆ తర్వాత నేర్పినదంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఇరవై ఏళ్ళు వచ్చాక, నిడదవోలు స్టేషను దగ్గర ఒక భోజనాల మెస్సులో వడ్డనకు కుదిర్చాం. ఆకు కడగడం నుంచి పెరుగు వేయడం దాకా పనిని పదకొండు మెట్లుగా విడగొట్టాం. మెట్టుకొక బొమ్మ గీసిన అట్ట. మూడు నెలలు సెంటర్లో ఉత్త ఆకుల్లో బియ్యం వడ్డించి సాధన చేశాం. పని బాగా చేస్తే బహుమానం, మెస్సు వంటింట్లో పెద్ద గ్రైండరు తిరుగుతుంటే పది నిమిషాలు చూడటం. ఆమెకు అంతకు మించిన సినిమా లేదు.

“శనివారం దాకా చూస్తానండి. నచ్చితే పన్లో పెట్టుకుంటాను” అన్నారు మెస్సు నడిపే ఆవిడ.

సోమవారం పదకొండు మెట్లూ తప్పులేకుండా నడిచాయి. తప్పు మేం ఊహించని చోట దొరికింది. మా వైపు భోజనం సంగతి తెలిసిందే కదా. తినేవాళ్ళు వద్దనాలి, వడ్డించేవాళ్ళు వినకూడదు. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, ఆ చేతుల సందులోంచే వేయించుకోవాలి. అదీ మర్యాద.

“ఇంకొంచెం వేయమంటారా అండీ?” అని అడిగింది అమ్మాయి, పనసపొట్టు కూర గిన్నెతో.

“వద్దమ్మా, వద్దొద్దు” అన్నారు రోజూ వచ్చే ఒక రైతుగారు.

ఆమె పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన చేతులు ఇంకా ఆకు మీదే ఉన్నాయి. పక్కాయనా వద్దనే అన్నాడు. ఆ వరసంతా అర్ధాకలితో లేచింది. కూర గిన్నె నిండుగా వంటింట్లోకి తిరిగొచ్చింది.

“ఏంటండీ ఇది? పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి వద్దంటే వెళ్ళిపోయేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను” అని రైతుగారు చెయ్యి కడుక్కుంటూ అన్నారు.

“రెండుసార్లు వద్దన్నాక, మూడోసారి అడక్కుండా వేసెయ్యమని చెప్పండి మేడం గారూ, సరిపోద్ది” అన్నారు మెస్సు ఆవిడ.

“అది మాత్రం నేర్పనండి” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఎనిమిదేళ్ళుగా నిలబెట్టిన మాటను ఒక్క గరిటె కూర కోసం ఎలా పడగొట్టను? ఆవిడ ముఖం మాడిపోయింది. ఉద్యోగం నా నోటి దురుసుతోనే పోయిందనుకున్నాను.

ఇంటికి వెళ్ళేటప్పటికి కోపం దిగి బుద్ధి వచ్చింది. నేర్చుకోవాల్సింది ఆ అమ్మాయి కాదు. మర్నాడు మరో అట్ట రాసి, ఆవిడను బతిమాలి గోడకు తగిలించాను. ‘ఇక్కడ వద్దంటే వద్దే. కావాలంటే కావాలనండి.’ కావాలన్న వాళ్ళకు వెంటనే, నిండు గరిటె. పిల్లలకు వాడే పద్ధతే, పెద్దలకు వాడాను.

బుధవారం రైతుగారు అటూ ఇటూ చూసి, పెళ్ళిచూపుల్లో పిల్లలా గొంతు తగ్గించి, “కొంచెం కావాలమ్మా” అన్నారు. గరిటె నిండా పడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. శుక్రవారానికి మెస్సంతా “ఇటు కావాలి”, “నాకూ కావాలి” అని ఒకటే సందడి. గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చాయి. నాకైతే గంతులెయ్యాలనిపించింది.

శనివారం వడ్డన అయ్యాక ఆవిడ అమ్మాయిని పిలిచారు. “రేపట్నుంచి పన్లోకి వచ్చేస్తావా అమ్మా?”

“రాను” అంది.

‘వస్తానని చెప్పు’ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ జవాబు అందించకూడదు, అయిదు లెక్కపెట్టేదాకా ఆగాలి. అది నేను అందరికీ చెప్పే నియమం. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“రేపు ఆదివారం. మెస్సుకి సెలవండి. సోమవారం వస్తాను” అంది.

ఆవిడ పగలబడి నవ్వారు. వంటింట్లోకి వెళ్ళి వేడి బొబ్బట్లు గిన్నెలో పెట్టి తెచ్చి, అమ్మాయి చేతికే ఇచ్చారు. “ముందు మీ టీచరు గారికి పెట్టు.”

ఆకు వేసుకుని కూర్చున్నాను. అమ్మాయి గిన్నెతో నా ముందుకు వచ్చింది. “వేయమంటారా అండీ?”

పుట్టిన ఊరి అలవాటు కదా, నా చేతులు అప్పటికే ఆకుకు అడ్డం వెళ్ళిపోయాయి. ఆమె వెనక్కి తిరగబోతోంది.

“కావాలి, కావాలి” అని అరిచాను. “రెండు.”