కుట్టు టీచరమ్మ వంచిన రావి

మా కుట్టు టీచరమ్మ పోయిందన్న కబురు, తడి గోనెసంచి చుట్టిన మట్టిచట్టితో పాటు వచ్చింది. ధర్మవరంలో బస్సెక్కిన ఆమె తమ్ముడు హిందూపురంలో దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. చేతిలోది కింద పెట్టకుండానే, "మొన్న శుక్రవారం అక్క పోయిందమ్మా. గుండెనొప్పి. మట్టి కూడా అయిపోయింది. ఇది నీదంట. నీది నీకిచ్చెయ్యమని ఎప్పుడో చెప్పిపెట్టింది" అన్నాడు.

సంచి విప్పితే జానెడు చింతచెట్టు. కొమ్మలు అడ్డదిడ్డంగా పెరిగి ఉన్నాయి. ఆఖరి రోజుల్లో ఆమెకు కత్తెర పట్టే ఓపిక లేదట. కాఫీ తాగి ఆయన వెళ్లిపోయాడు. నాకు ఏడుపు వెంటనే రాలేదు. ముందు భయం వచ్చింది. ఆ భయం నాకు కొత్త కాదు, ఈ చెట్టుతో పాటే పెరిగింది.

ఆమె గురించి రాయాలంటే నా పిరికితనం గురించి కూడా రాయక తప్పదు. పెళ్లయి బత్తలపల్లి నుంచి హిందూపురం వచ్చినప్పుడు నేను బల్లి అరిస్తే ఉలిక్కిపడే మనిషిని. మా ఆయనది కాలిపోయిన బావి మోటార్లకు రాగి తీగ చుట్టే షాపు. పక్క పోర్షన్‌లో ఉండే టీచరమ్మ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. ఒంటరి మనిషి. మెడలో కొలత టేపు, పమిట అంచుకు గుచ్చుకున్న సూదులు. ఆమె ప్రేమగా దగ్గరికి తీసుకుంటే ఎక్కడో ఒకచోట గుచ్చుకునేది.

ఒకరోజు పాత తీగ ముక్కలు కావాలని మా ఇంటికి వచ్చింది. ఎందుకని అడిగితే చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. తడిక పందిరి కింద వరసగా పళ్లేల్లాంటి చట్టీలు, వాటిలో గుప్పెడు గుప్పెడు చెట్లు. బెంగుళూరు లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన చూసి వచ్చి మొదలుపెట్టిందట. వీధిలో అందరూ వాటిని గిడ్డ చెట్లనేవాళ్లు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గదా, ఈమె మానునే మొక్క చేసి కూర్చోబెట్టిందే అని మా ఆయన నవ్వాడు.

వాటన్నిటిలో ఆమె ప్రాణం ఒక రావి మీద ఉండేది. పెనుకొండలో పనిచేసే రోజుల్లో కోటగోడ సందులోంచి పీకి తెచ్చుకుంది. కాండం మొదట్లో తీగ చుట్టి, కూర్చున్న మనిషి మోకాలిలా వంచింది. రావిని కోస్తే పాపమని విన్నదాన్ని, నేను దాని పక్కనుంచి పోవడానికే జంకేదాన్ని.

నాతో చింతగింజ నాటించింది. మొలక కాస్త ముదిరాక చట్టిలోకి మారుస్తూ, తల్లివేరు కత్తిరించమని కత్తెర నా చేతికిచ్చింది.

"చచ్చిపోదా టీచరమ్మా?"

"సావొచ్చు. నేనెన్ని సంపినానో, లెక్కే లేదు. భయపడే చేతికే కత్తెర ఇయ్యాల పాపా. భయం లేని చెయ్యి చెట్టుకు గుండు కొడతాది."

కళ్లు మూసుకుని కత్తిరించాను. చింత బతికింది. ఆ తర్వాత రోజూ చిగుళ్లు గిల్లడం నేర్పింది. లేత చిగురు అక్కరలేని చోట కనబడితే అప్పుడే గిల్లెయ్యాలి. కొమ్మయ్యే దాకా ఉంచితే రంపం తేవాలి. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అనేది. అలా గిల్లడం నా వేళ్లకు అలవాటైపోయింది. పప్పులోకి ఆకుకూర ఒలుస్తున్నట్టే, మనసు ఎక్కడో ఉన్నా వేళ్లు పని చేసుకుపోయేవి.

నేను కడుపుతో ఉన్నానని తెలిశాక గోరంట్ల నుంచి మా అత్త వచ్చింది. పెరట్లోకి తొంగి చూసి నోరు నొక్కుకుంది. "ఏమే, గిడ్డ చెట్లను సాకే ఇంట్లో బిడ్డ యాడ పెరుగుతాది?" అంది. మంచి మనిషే. ఆమె భయం ఆమెది. కానీ ఆ మాట నా కడుపులోనే నాటుకుంది.

ఆ మాఘమాసంలోనే పట్టపగలు సూర్యగ్రహణం వచ్చింది. అంతకు ముందు వారమంతా వీధిలో అదే మాట. గ్రహణం వేళ కడుపుతో ఉన్న మనిషి ఏదీ కోయకూడదు, తుంచకూడదు, కోస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుంది. మా ఊళ్లో పెదవి చీలి పుట్టిన ఒక పిల్ల ఉండేది. బావి దగ్గర నీళ్లు తాగడానికి కూడా అటు తిరిగి పైట అడ్డం పెట్టుకునేది. పిల్లలు వెక్కిరిస్తుంటే ఆమె కళ్లు ఎలా అయ్యేవో నాకు గుర్తుంది. నా బిడ్డ అలా అటు తిరిగి నీళ్లు తాగడం నేను చూడగలనా?

ఆ రోజు టీచరమ్మ ధర్మవరంలో తమ్ముడింటికి పోయింది. చెట్లకు నీళ్లు చల్లే పని నాది. మధ్యాహ్నం గ్రహణం పట్టేలోపు చల్లి వద్దామని పెరట్లోకి వెళ్లాను. మా అత్త వంటింట్లో నీళ్లబిందెల్లో గరిక వేస్తోంది. రావి దగ్గర కాసేపు నిలబడ్డాను. ఎండ ఏదోలా ఉంది, బూడిద కలిపినట్టు. తల దించి చూశాను. తడిక సందుల్లోంచి నేల మీద ఎప్పుడూ గుండ్రంగా పడే ఎండచుక్కలు ఆ రోజు గుండ్రంగా లేవు. ప్రతి చుక్కా చిన్న కొడవలిలా వంగి ఉంది. పెరడంతా కొడవళ్లే. నా పాదాల మీద కూడా.

"ఏమే, పట్టేసినట్లుండాది, లోపలికి రా!" అని అత్త కేక వేసింది.

అప్పుడు చేతివైపు చూసుకున్నాను. బొటనవేలి గోటి మీద తెల్లగా పాలచుక్క. రావి తలచిగురు నా వేళ్ల మధ్య ఉంది.

ఎలా లోపలికి వచ్చానో తెలియదు. చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకుని, కదిలితే ఇంకేం జరుగుతుందోనని గ్రహణం విడిచేదాకా కదల్లేదు. అత్తకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే నా పెదవి నాకే తగిలి ఒళ్లు జలదరించేది. చింతచట్టిని టీచరమ్మ గడప ముందు పెట్టేసి వచ్చాను.

ఆమె ఊరినుంచి వచ్చిన రోజు, చట్టి చూసి నన్ను పిలిచింది. ఏడుస్తూ అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చదువుకున్నదానివి, ఇదేం పిచ్చి అంటుందనుకున్నాను. ఆమె అలా అనలేదు. "మా సాయిబుల ఇండ్లల్లోనూ ఉండాదిలే పాపా ఈ పట్టింపు" అని, రావి దగ్గరికి పోయి గిల్లిన చోటు చాలాసేపు చూసింది.

ఆ ఆదివారం పొద్దున్నే నన్ను పెనుకొండ బస్సెక్కించింది. రావి ఆమె ఒడిలో ఉంది. కొండకింద దర్గాకు పోయే బాట పక్కన, పూలమ్మే అవ్వ బుట్ట పెట్టుకునే చోటికి దగ్గర్లో గుంత తవ్వింది. కాండానికి చుట్టిన రాగి తీగను, చంటిపిల్ల ముంజేతి గాజు తీసినంత మెల్లగా విప్పింది. అన్నేళ్లు సాకిన చెట్టును నేలలో పెట్టి మన్ను తొక్కింది.

"ఇంగ దీన్ని ఎవ్వరూ గిల్లేది లేదు. ఇది పెరుగుతాది. నీ కడుపులోదీ పెరుగుతాది. పోదాం పా."

"మీకు భయం లేదా టీచరమ్మా?"

"నాకేం భయం?"

తర్వాత నెలల్లో నేను రోజూ అడిగేదాన్ని, చెట్టు ఎట్లుండాదని. పెనుకొండ నుంచి ఎవరో వచ్చారని, చూసి చెప్పారని అనేది. "చిగురేసిందంట పాపా. జానెడు లేసిందంట." ఆ మాట విన్న పూట నాలుగు ముద్దలు తినేదాన్ని. మళ్లీ మర్నాడు అడిగేదాన్ని.

ఆడపిల్ల పుట్టింది. టీచరమ్మ క్లాసు మధ్యలో లేచి మెడలో టేపుతోనే ఆసుపత్రికి వచ్చింది. నేను బిడ్డ ముఖం చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె పమిటకున్న సూదులు ఒక్కొక్కటే తీసి కిటికీలో పెట్టింది. బిడ్డను ఎత్తుకుంది. వేలితో పెదవి తడిమింది, చిటికెనవేలు నోట్లో పెట్టి అంగిలి తడిమింది. అప్పుడు తిరిగి చూశాను. దీపం వెలుగులోనైనా ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించే ఆ వేళ్లు గడగడా వణుకుతున్నాయి.

"అంతా బాగుండాది పాపా. సూడు. సక్కటి నోరు" అని మంచం మీద కూలబడి ఏడ్చింది.

అప్పుడు చెప్పింది. నాటిన వారానికే రావి ఆకులన్నీ రాల్చేసిందట. ఎవరూ వచ్చి చెప్పలేదట. వీలు దొరికినప్పుడల్లా తనే బస్సెక్కి పోయి, ఎండుపుల్లలా నిలబడ్డ దాని మొదట్లో నీళ్లు పోసి, గోటితో బెరడు గీకి పచ్చిగా ఉందా లేదా అని చూసుకుని వచ్చేదట. "నీకు చిగురేసిందని సెప్తాంటి గదా, ఆ పొద్దు నాకు ముద్ద దిగేది కాదు. అది సచ్చిపోతే నీకేం సెప్పేదని. వానలు పడినాంకే నిజంగా చిగురేసింది."

అన్ని నెలలూ భయాన్ని నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. బరువెక్కువున్న వైపు ఆమె మోస్తోందని నాకు తెలియనే లేదు.

తర్వాత ఆమె పని మానేసి ధర్మవరం పోయింది. చింతను వెంట తీసుకుపోయింది. నీకు ధైర్యమొచ్చినప్పుడు అడుగు, ఇస్తా అంది. నేను అడగలేదు. ఇప్పుడు అడగకుండానే వచ్చింది.

కబురు విన్న మూడోనాడు మా పాపను తీసుకుని పెనుకొండ వెళ్లాను. ధర్మవరంలో ఆమెను పడుకోబెట్టిన చోటు నాకు తెలియదు, నాకు తెలిసిన చోటు ఇదే. రావి ఇప్పుడు పూలవ్వ బుట్టకు నీడ ఇస్తోంది. పైకి నిటారుగా పోయింది. మొదట్లో మాత్రం ఆమె వంచిన వంపు అలాగే ఉంది, లావెక్కి పీటలా అయింది. తీగ ఒరిసిన గుర్తులు చుట్టూ ఇంకా కనబడుతున్నాయి. పాప నేరుగా పోయి ఆ వంపులో కూర్చుంది, తనకోసమే చేయించినట్టు.

కూర్చున్నది ఊరుకుంటుందా? కాండం పక్కనుంచి వచ్చిన లేత చిగురును గిల్లింది. గోటి మీద పాలచుక్క నిలిచింది. వద్దని అరవబోయాను. పాప ఆ పాలను పెదవికి రాసుకుని, వగరుగా ఉందని ముఖం ముడిచి, ముందరి పళ్లు ఊడిన నోటితో పకపకా నవ్వింది.

గాలి లేదు. అయినా రావి ఆకులన్నీ వణుకుతూనే ఉన్నాయి.