హెచ్చరిక నోరు మూయించిన సున్నా

ఏళ్ల తరబడి ఒక సున్నాను మోస్తున్నాను. నవ్వొస్తోందా? మొదట్లో నాకూ వచ్చేది.

బస్తర్‌లో ఒక ఇనుప గని. పేరు చెప్పను. ఖనిజాన్ని కొండ దింపే బెల్టును ఒక చిన్న కంప్యూటర్ నడిపేది. దాని కెర్నెల్ కోడ్ చూడటం నా పని. కెర్నెల్ అంటే యంత్రానికీ మిగతా ప్రోగ్రాములకూ మధ్య ఉండే అడుగు పొర. అక్కడ తప్పు జరిగితే పైవాళ్లకు తెలియదు. బెల్టు పొడవునా పక్కనే ఒక తాడు ఉంటుంది. ఎవరైనా చిక్కుకుంటే దాన్ని లాగాలి, బెల్టు ఆగాలి. లాగితే ఒకటి, లేకపోతే సున్నా. అంతే లెక్క.

కోడ్‌ను నడపకుండానే చదివి, తప్పులు పట్టి హెచ్చరించే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. జగదల్‌పూర్ నుంచి సాహెబులు తనిఖీకి వస్తున్నారు, హెచ్చరిక ఒక్కటీ కనపడకూడదని ఆర్డరు. వాటిలో చాలావరకు ఉత్త గోల, నాకు ఒళ్లు మండిపోయింది. ఒకటి మాత్రం గోల కాదు. తాడు సంగతి చదవడం కుదరని సందర్భంలో, ఏ విలువా పెట్టని చోటు నుంచి జవాబు తీసుకుంటున్నావు అంది. ఎందుకు కుదరదో వెతికితే ఒక రోజు పోతుంది. ఆ చోట ముందే సున్నా పెట్టేశాను. హెచ్చరిక మాయమైంది. అంటే, తాడు సంగతి తెలియకపోయినా ఎవరూ లాగలేదనే చెప్పమని యంత్రానికి నేనే నేర్పాను. తెలియక చేశానా? లేదు. మీట నొక్కే ముందు నా వేలు కాసేపు ఆగింది. ఆగిన సంగతి గుర్తుండబట్టే ఇప్పటికీ నన్ను నేను సమర్థించుకోలేకపోతున్నాను.

వానాకాలంలో, తాడు లాగితే పడే స్విచ్చిలోకి నీళ్లు దిగాయి, దాన్ని చదవడం కుదరలేదు. బెల్టు కింద రాలిన ఖనిజం ఎత్తే ముత్తయ్య చెయ్యి బెల్టులో పడింది. కిష్టారం వైపు మనిషి, కాంట్రాక్టు కూలీ. మూడు వేళ్లు పోయాయి. తాడు లాగానన్నాడు. రికార్డులో సున్నా ఉంది. తప్పు అతనిదేనని తేల్చి, ఛుట్టీ అంటూ పనిలోంచి తీసేశారు.

కట్టు కట్టిన చేత్తో కంట్రోల్ రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మేడం, రెండుసార్లు గుంజిన. మీ డబ్బాల పడలేదా ఏంది?"

"రికార్డులో లేదు ముత్తయ్యా."

"నేను గుంజలేదంటరా మరి?"

"మిషన్‌కి అబద్ధం చెప్పాల్సిన పనేముంది?" అన్నాను.

కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నాడు. "భయానికి గుంజిననని అనుకున్ననేమో మేడం" అని వెళ్లిపోయాడు.

అప్పుడైనా పిలిచి నిజం చెప్పొచ్చు కదా? పిలవలేదు. నా ఉద్యోగం, మా నాన్న రైల్వేలో రిటైరయ్యాక దాని మీదే నడుస్తున్న ఇల్లు, అన్నీ గుర్తొచ్చాయి. ఆ వారమే కోడ్ మార్చాను, తాడు సంగతి తెలియకపోతే బెల్టు ఆగిపోయేలా. పక్కన 'చిన్న సవరణ' అని రాశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. తన చెయ్యి చేసిన పనిని తానే నమ్మకుండా వెళ్లిపోయాడు ఆ మనిషి. ముత్తయ్య తాడు లాగాడు. రెండుసార్లు లాగాడు.