ఇద్దరికీ ఒకే నెంబరు

తిరుపతి కొర్లగుంటలో నాగరత్నమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. అయినా కోడండ్ల విషయంలో ఆమెను వేలెత్తి చూపినవాళ్ళు కూడా లేరు. పెద్దకోడలు రూపశ్రీకి ముక్కుపుడక మార్పిస్తే చిన్నకోడలు కోమలికీ మార్పించాల్సిందే, అదీ అదే అంగడిలో. కోమలికి జ్వరమొచ్చి డాక్టరు మాత్రలు రాసిస్తే, నిక్షేపంగా ఉండే రూపశ్రీకి కూడా ఒక బలం టానిక్కు కొనుక్కొచ్చిన మహాతల్లి ఆమె. ఏం జేస్తుంది పాపం! తాను కాపురానికొచ్చిన కొత్తలో అత్త చెంగమ్మ పెద్దకోడలికి మీగడ పెరుగు వేసి, ఈమెకు అడుగున మిగిలిన మజ్జిగ పోసేది. ఆ మజ్జిగ ఇన్నేండ్లయినా ఈమె కడుపులో అరగలేదు. నా కోడండ్లలో ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనే మాట నా ఇంట్లో వినపడకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకునింది.

కోడండ్లిద్దరికీ ఇంట్లో నుంచే ఉద్యోగాలు. కోమలి పగలు పిల్లకాయలకు కంప్యూటర్లో లెక్కలు చెప్తుంది. రూపశ్రీది రాత్రిపూట ఆసుపత్రి బిల్లులు చూసే పని. ఒకే నెట్ కనెక్షను, హాల్లో ఒకే డబ్బా, దాన్నుంచి రెండు గదులకు రెండు వైర్లు. కంప్యూటర్లు రెండూ ఒకే రకమని వేరే చెప్పాల్నా? ఏడాదిగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఆడి నెల, అదే ఆషాఢం, పోయినాక రూపశ్రీకి కూడా పగటి డ్యూటీ వేసినారు. అంతే, ఇంట్లో శని దూరింది. ముందు కంప్యూటరు ఆన్ చేసినవాళ్ళకు నెట్టు వస్తుంది, వెనక చేసినవాళ్ళు నోరు తెరుచుకొని చూడాల్సిందే. కంపెనీవాళ్ళు వచ్చినారు, డబ్బా మార్చినారు, వైర్లు మార్చినారు, తమ సెల్‌ఫోన్లు పెట్టి చూసి "అంతా బాగుండాదమ్మా" అని చేతులు దులుపుకొని పోయినారు. ఇంగ మిగిలింది అనుమానమే. అక్క ఏదో చేస్తా ఉండాదని కోమలి, కోమలే ఏదో చేసిందని రూపశ్రీ. ఇద్దరూ పోటీలు పడి కోడి కూయకముందే లేచి కంప్యూటర్లు ఆన్ చేసుకునేది మొదలుపెట్టినారు. ఆ తల్లులు ముగ్గు వేసేదానికి మాత్రం ఒక్కనాడూ అంత పొద్దున లేచింది లేదు.

ఒకరోజు పాఠం మధ్యలో కోమలికి నెట్టు పోయింది. హాల్లోకి వచ్చి చూస్తే, రూపశ్రీ ఆమె వైరు పీకి చేత్తో పట్టుకొని నిలబడుండాది.

"ఏమక్కా ఇది!"

"పని ఆగిపోయి దినామూ మేనేజరుతో తిట్లు తింటా ఉండాను. నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

ఆ కేకలకు నాగరత్నమ్మ వంటింట్లో నుంచి పరిగెత్తుకొచ్చింది. తన ఇంట్లో, తన పెద్దకోడలు, తోడికోడలి వైరు పీకడమా! కండ్లతో చూసి కూడా నమ్మలేకపోయింది. ఆ సాయంత్రం అంతకన్నా పెద్ద పిడుగు పడింది. "మా, తిరుచానూరు పక్క బాడుగిల్లు చూసుకున్నాము. ఆదివారం పోతాము" అన్నాడు పెద్దకొడుకు అమర్‌నాథ్, తల ఎత్తకుండా. వేరు కాపురం! ఈ గడపలో ఆ మాట వినాల్సొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"యాడుండాడు ఆ ప్రతాప్ గాడు? బిన్నా, వెంటనే పిలిపించండ్రా" అనింది. ఆ కంప్యూటర్లు బిగించింది పక్కింటి ప్రతాపే. ఇప్పుడు తడ దగ్గర ఫ్యాక్టరీలో పనికి కుదురుకున్నాడు. శనివారం వచ్చినాడు. వాడు చెప్పులు విడవకముందే ఆమె ఎత్తుకునింది. "నువ్వు బిగించిన యవ్వారంతో నా కొంప రెండు ముక్కలవతా ఉండాది కదరా!"

ప్రతాప్ రెండు గదుల్లోకీ పోయి చూసి వచ్చినాడు. నెత్తి గోక్కున్నాడు.

"పెద్దమ్మా, కోప్పడవు కదా?"

"ముందు చెప్పి చావు."

"నెట్టు ఏ కంప్యూటరుకు పోవాల్నో చెప్పే నెంబరు ఒకటుంటుంది, అది రెండిటికీ ఒకటే ఉండాది. ఒక వీధిలో రెండిండ్లకు ఒకే డోరు నెంబరు పెడితే పోస్టుమేను ఏం చేస్తాడు చెప్పు? ముందు తలుపు తెరిచిన ఇంట్లో ఇచ్చేసి పోతాడు. ఇదీ అంతే."

"ఏ తలమాసినోడు పెట్టినాడురా ఒకే నెంబరు?"

"పెట్టింది నేనే. పెట్టించింది నువ్వు."

"నేనా!" అని నాగరత్నమ్మ చెంగు నడుముకు దోపింది.

"పాత డబ్బా తనంతట తాను నెంబర్లు ఇయ్యకపోతే చేత్తో కొడతా ఉంటి. రూపక్క నెంబరుకు చివర రెండు, కోమలి దానికి మూడు అన్నాను. చిన్నదానికి మూడిచ్చి పెద్దదానికి రెండా, రేపు అది నన్నేమనుకుంటుంది, ఇద్దరికీ సమానంగా కొట్టు అంటివి. అట్లా కుదరదు పెద్దమ్మా అంటే చీపురు తీస్తివి. ఒకరు పగలు, ఒకరు రాత్రి కదా, ఏం కాదులే అని కొట్టేసి పోయినాను."

ఆమెకు అంతా జ్ఞాపకం వచ్చింది, చీపురుతో సహా. నోటి మీద చెయ్యి పెట్టుకొని కుర్చీలో కూలబడింది. అయ్యో దేవుడా, కొంపకు నిప్పు పెట్టింది తన సమానమేనా!

ప్రతాప్ ఒక నెంబరు మార్చినాడు. రెండు గదుల్లోనూ నెట్టు వచ్చింది. నాగరత్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఉరుకులు పరుగుల మీద రూపశ్రీ గదిలోకి పోయింది.

"సూసినావామ్మే? మీ ఇద్దరి తప్పూ లేదు, తప్పంతా నాది. ఆ బాడుగింటాయనకు ఫోన్ చేసి రాము పో అని చెప్పు."

రూపశ్రీ చీరలు మడతేసి పెట్టెలో సర్దతా ఉండాది. చెయ్యి ఆపలేదు.

"మేము పోయేది నెట్టు కోసం కాదత్తా."

"మరి దేనికే? కోమలికి ఇచ్చి నీకు ఇయ్యనిది ఒక్కటి చూపించు!"

"నువ్వు తక్కువేమీ చేయలేదు. ఈ చీరలు చూడు, అన్నీ పచ్చవే. నాకు పచ్చ రంగంటే గిట్టదు. కోమలికి ఇష్టమని తెస్తావు, అదే నాకూ అంటగడతావు. నాకేం కావాలో ఒక్కనాడన్నా అడిగినావా?"

గది వాకిలి దగ్గర నిలబడి వింటా ఉన్న కోమలి తెల్లబోయింది.

"నాకిష్టమా? నన్నెవురు అడిగినారక్కా? పచ్చ నీకిష్టమేమో అని, ఇన్నేండ్లుగా నోరు మూసుకొని కట్టుకుంటా ఉండాను నేను!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ అత్తను చూసినారు.

నాగరత్నమ్మకు నీకేం గావాల తల్లీ అని అడగాలనిపించింది, ఇప్పుడైనా అడగాలనిపించింది. ఇటు రూపశ్రీ, అటు కోమలి. ఎవురిని ముందు అడగాలో తెలీక, ఇద్దరి మొకాలూ మార్చి మార్చి చూస్తా అట్లే నిలబడిపోయింది.