గోధుమపిండిలో పెసరగింజ

డెబ్బైల చివరి సంగతి. మెడికల్ కాలేజీలో నాకు మూడో ఏడు. సర్జరీ చెప్పే మేడమ్ ఆడపిల్లల్ని విడిగా కూర్చోబెట్టి, నెలకోసారి మన రొమ్ముల్ని మనమే తడిమి గడ్డలున్నాయేమో ఎలా చూసుకోవాలో నేర్పింది. చివర్లో, మీలో ఎవరు చూసుకుంటున్నారని అడిగింది. అందరూ పుస్తకాల్లోకి తలలు దించేశారు. నాకేం బుద్ధి పుట్టిందో, చెయ్యెత్తేశాను. శుద్ధ అబద్ధం! మేడమ్ ముఖం వెలిగిపోయింది. రేపు మీ శాలిబండ దవాఖానాలో బస్తీ ఆడవాళ్లకు నువ్వే చెప్పాలి అంది.

సిగ్గుపడాల్సింది పోయి, నా కాళ్లు నేల మీద నిలవలేదు. తెల్లకోటు వేసుకొని మా గల్లీవాళ్ల ముందు మాట్లాడటమంటే మాటలా! పత్తర్‌గట్టిలో బస్సు దిగి ఇంటిదాకా పాఠం వల్లెవేసుకుంటూ నడిచాను.

ఇంట్లో అమ్మ, వదినె రొట్టెలకు పిండి కలుపుతున్నారు. ఓ ముద్ద లాక్కొని, లోపల పెసరగింజ దాచి వెతకమన్నాను. వేలి మొనతో పొడవకూడదు, వేళ్ల మెత్తలతో చుట్టూ నొక్కుతూ పోవాలి. అమ్మకు చిటికెలో దొరికింది. ఏళ్ల తరబడి బియ్యంలో రాళ్లేరిన చెయ్యి మరి! నేను గంతులేశాను. రేపు ఇదే చూపిస్తా, ఇంక పుస్తకమెందుకు?

వదినె మాత్రం నన్నే చూస్తూ అడిగింది.

"మరి నువ్వెన్నడన్న చూసుకున్నవా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. వదినె మొండిది. చూసుకొని వస్తే గానీ రొట్టె పెట్టనంది. నవ్వుతూనే స్నానాలగదిలోకి పోయాను. ఎడమ పక్కన, చంక వైపు, బఠానీ అంత తగిలింది. మళ్లీ చూశాను. ఉంది. బయటికొచ్చి వదినెకు చెప్పాను.

"ఫికర్ చెయ్యకు. రేపు మీ మేడమ్‌కు చూపెట్టు, నేనొస్త" అంది వదినె. చూపెడితే అబద్ధం బయటపడుతుంది. గడ్డ కన్నా దానికే ఎక్కువ భయపడ్డాను, ఏం చదువో నాది!

మర్నాడు దవాఖానా నిండా ఆడవాళ్లు. వదినె పిండిముద్ద పట్టుకొని ముందు వరసలో కూర్చుంది. గింజ నాకు దొరికిందంటే నాకని ఒకటే లొల్లి. ఆ హుషారులో నా నోరాగలేదు. నిన్నటిదాకా నేనూ చూసుకోలేదని, చూసుకుంటే నాకూ ఒకటి దొరికిందని చెప్పేశాను. మేడమ్ నా వెనకే నిలబడి ఉంది.

ఓ ముసలామె బురఖా ముసుగు పైకెత్తి, "ఫిర్ యహాఁ క్యా కర్రే బేటీ? పైలే అప్నా దిఖాలేవ్" అంది. మరి ఇక్కడేం చేస్తున్నవ్ బిడ్డా, ముందు నీది చూపించుకో పో అని.

మేడమ్ నన్ను తెర వెనక్కి తీసుకెళ్లి చూసింది. వేళ్ల కింద జారుతోంది, ఈ వయసులో వచ్చే మామూలు గడ్డలాగే ఉంది, తీసి పరీక్షకు పంపుదాం అంది. తర్వాత అది కీడు లేనిదేనని తేలింది. క్లాసులో నేను చెప్పిన అబద్ధం గురించి ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ రోజు నేను తెర తీసి బయటికి వచ్చేసరికి ముసలామె అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది.

ఇప్పుడిక నాది చూడమంటూ, "అబ్ మేరా దేఖో" అంది.