బోయజు చేనికి కంప అడ్డం

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి. అయినా బైబిలును ఆదికాండం మొదలు ప్రకటన దాకా పదకొండు సార్లు చదివినవాణ్ణి. మా నల్లమాడ పక్క పల్లెల్లో బ్లాగు అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లోనే, ఒక్క వేలితో టైపు చేసి, బైబిలులోని సేద్యం సంగతుల మీద బ్లాగు నడిపినాను. ఇస్సాకు తవ్విన బావుల మీద నేను రాసిందాన్ని గుంతకల్లు రైల్వే ఉద్యోగులు అచ్చు తీసి ప్రార్థన గదిలో గోడకు అంటించుకున్నారు. అనంతపురం లెక్చరరు ఒకాయన ఫోన్ చేసి, "అయ్యా, మీరు ఏ సెమినరీలో చదివినారు?" అని అడిగినాడు. "శెనక్కాయ చేలో" అన్నాను.

తర్వాత అందరూ వీడియోల వెంట పడిరి. చదివేవాళ్ళు లేని రాత ఎందుకని కరోనా ఏడాది ఆపేసినాను. మళ్ళీ నా చేత రాయించింది మా చర్చి చేను.

ఆ నాలుగెకరాలు ఈసారి సంఘానికి డబ్బు కట్టి గుత్తకు చేసింది నా మేనల్లుడు ఓబిలేష్. శెనక్కాయ చెట్లు పెరికినాక భూమిలో మిగిలిపోయిన కాయలను ఊరి ఆడోళ్ళు తొలికెలనే చిన్న గుద్దళ్ళతో తవ్వి ఏరుకుంటారు. పరిగె అంటాం. మా సంఘంలోని తిప్పమ్మ లాంటి ఒంటరి మనిషికి ఏడాది నూనె అదే. ఈసారి ఓబిలేష్ చేని దారికి ముళ్ళ కంప అడ్డం వేసినాడు. ట్రాక్టరుతో దున్నించి ఆ కాయలు కూడా తానే ఏరించుకుంటాడంట.

"సంఘ పెద్దవు కదా ఆదెన్నా, అడగరాదా?" అని తిప్పమ్మ నా దగ్గరికి వచ్చింది. సంఘంలో అడిగినాను. "గుత్తకిచ్చినాక మన మాట చెల్లదు" అని పాస్టరుగారు తప్పుకున్నారు.

ఆ పొద్దే బ్లాగు తెరిచినాను. పాస్‌వర్డు కూడా మర్చిపోలేదు. మొగుడు చచ్చిన బీదరాలు రూతు, బోయజు అనే ఆసామి చేలో పరిగె ఏరుకున్న కథ రాసి, చేను మూలలు బీదలకు విడవాలన్న మోషే ధర్మశాస్త్రం మాట కలిపి, ఊరి వాట్సాప్ గ్రూపులో వేసినాను.

మర్నాడు మధ్యాహ్నానికి ఓబిలేష్ బండి మీద వచ్చినాడు.

"ఏం మామా, ఇంటర్‌నెట్లో నన్ను పెట్టినావంట?"

"నీ పేరు యాడ పెట్టినా? బోయజు పేరు పెట్టినా."

"టీ అంగడి కాడ అందరూ 'ఏం బోయజూ, కంప తీసినావా?' అంటాండారు! బోయజుకు వాన పడింది, పండింది, పెట్టినాడు. నాకు పెట్టిన పెట్టుబడే రాలేదు. నా కాడ ఏముండాదని ఇయ్యల్ల?"

వాన మా ఊరిని దాటుకొని పోయిన మాట నిజమే. "రేపు చెప్తా పో" అన్నాను.

రూతు కథ మళ్ళీ మొదటి నుంచి చదివినాను. అందరం పరిగె ఏరే అధ్యాయానికి పరిగెత్తుతాం గానీ, కథ మొదలయ్యేది కరువుతో. మనోళ్ళు బెంగళూరుకు పోయినట్టు రూతు మామ ఎలీమెలెకు కుటుంబం మోయాబు దేశానికి వలస పోయింది. బోయజు పోయినట్టు ఎక్కడా లేదు. అంటే కరువంతా సొంత ఊర్లోనే నిలబడినోడు. ఎండిన చేలను చూసినోడే పరిగె విడిచినాడు. ఈ సంగతే రాసి పెట్టినాను. నేను రాసిన వాటన్నిటిలో ఇదే మేలైనది, చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

తెల్లారి ఓబిలేష్ ఫోన్ చేసినాడు.

"చదివినా మామా. నేనూ బెంగళూరు పోలేదు గదా."

"పోలేదప్పా. అందుకే నీకు చెప్తాండా."

అయితే ఒక షరతు పెట్టినాడు. "మూడు దినాలు ఏరుకోమను. నాలుగోనాడు ట్రాక్టరు వస్తాది. ఇంక ఎవురూ నన్ను ఏమీ అడగగూడదు."

కంపను తనే లాగి పక్కన పడేసినాడు. ఎండ ఎక్కకముందే ఆడోళ్ళు సాళ్ళలో కూర్చున్నారు. నా రాత ఏం చేసిందో కళ్ళారా చూద్దామని నేనూ పోయి చేను నడుమ నిలబడినాను.

"ఆదెన్నా," తిప్పమ్మ తొలికె పైకెత్తి అరిచింది, "నువ్వు నిలబడిన కాడే కాయలుండాయి, జరుగప్పా!"

జరిగినాను.