ఒక్క తప్పుకు గంపెడు కాగితం

ఆ శుక్రవారం మా మరిది మోసుకొచ్చిన కాగితాల కట్ట చూసి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఇంట్లో ఎవరికీ దించాలని తోచలేదు.

అప్పుడు మేం నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. మరిది పెద్ద ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ దగ్గర టెంపరరీగా చేరాడు. విద్యార్థులు తమ ప్రోగ్రాములను చిల్లులుగా కొట్టిచ్చిన అట్టముక్కలను ఆ మిషను చదివేదట. మొదటి తప్పు దగ్గరే ఆగిపోయేదట. అది దిద్ది ఇస్తే మర్నాడు ఇంకో తప్పు. ఆగకుండా చివరిదాకా చదివి, తప్పులన్నీ ఒకేసారి చెప్పేలా చెయ్యమన్నాడు పెద్దసారు. సోమవారానికి కుదిరితేనే ఉద్యోగం.

మరిది ఆగకుండా చదివించాడు. దాని ఫలితమే ఈ కట్ట.

"ఇన్ని తప్పులు సేసినావేట్రా?" మామగారు కళ్ళజోడు తీసేశారు.

"ఒకటే నాన్నా. ఓ కుర్రోడు ఒక బ్రాకెట్ మూయలేదు. అక్కణ్ణించి సక్కగా ఉన్నవి కూడా తప్పులే అంటంది."

"పోన్లే, బొగ్గులపొయ్యి రాజెయ్యడానికి కాయితాలొచ్చినాయి," అంది అత్త.

మర్నాడు మా ఇంట్లో శనివారం భజన. మామగారు పాడితే అందరూ అందుకోవాలి. తాళాలు మరిదివి. మామగారు చరణంలో ఒక పాదం మింగేశారు. సగం మంది ఆ మింగేసిన పాదం అందుకున్నారు, సగం మంది ఆయన పాడింది అందుకున్నారు. ఆ తర్వాత ఏ పాదమూ కలవలేదు.

"పల్లవి! పల్లవందుకోండి!" అని అత్త అరిచింది.

మిగిలిన చరణం వదిలేసి అందరూ పల్లవిలోకి వచ్చిపడ్డారు. తర్వాతి చరణం చక్కగా సాగింది. తాళాలే ఆగిపోయాయి. చూస్తే మరిది చెప్పులేసుకుంటున్నాడు! నా చేతిలో కర్పూరం జారిపోయింది.

"ఒరే, హారతవనీరా!" అత్త కేకేసింది.

"వదినా, నా పెసాదం ఉంచు," అంటూ సైకిలెక్కేశాడు. దేవుడి ముందు నుంచి అలా లేచిపోయిన మనిషిని మా ఇంట్లో నేనెన్నడూ చూడలేదు.

సోమవారం ఒక్క కాగితంతో వచ్చాడు. తప్పు తగలగానే ఆ వాక్యంలో మిగిలింది వదిలేసి, తర్వాతి వాక్యం మొదట్లో అందుకోమని మిషనుకు చెప్పాడట. ఆ కుర్రాడి అట్టలకే ఈసారి కాగితం మీద రెండే తప్పులు.

"ఒకటే అన్నావు గదరా!" మామగారు నోరు తెరిచారు.

"రెండోది నాకూ తెలీదు నాన్నా. ఆ కట్టలో ములిగిపోయుంది. సారు ఉండిపొమ్మన్నారు!"

తప్పులు పెరిగాయి, ఉద్యోగం నిలిచింది. అత్త మాత్రం శనివారం సంగతి మర్చిపోలేదు.

"మరి ఎగ్గొట్టిన హారతి?"

"అది పోయింది గదమ్మా. వచ్చే శనివారం నించి అందుకుంటాను."