డారెన్ భుజం, అప్పన్న అంకుల్ పట్టిక

1990 నవంబరులో నేను మెల్‌బోర్న్ క్లేటన్‌లో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మూడు మంచాలు, వాటి మధ్య కర్టెన్లు, ధ్వని తరంగాలతో వాపు తగ్గించే ఒక అల్ట్రాసౌండ్ మెషీను, వెనక కారు పార్కు. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్ళు. ఇక్కడి పరీక్షలు మళ్ళీ మొదట్నుంచీ రాసి, రిజిస్ట్రేషన్ తెచ్చుకునేసరికి నాకు ముప్పై నాలుగు నిండాయి. ఫిజియో అంటే కాళ్ళు పిసకడం అనుకునేవాళ్ళు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు. అనుకోనీండి. నా పని నాకు బాగా వచ్చు, ఆ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. అలాంటిది ఆ వేసవిలో, ఇక్కడ ఎండాకాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఒక్క భుజం నన్ను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆ భుజం డారెన్‌ది. ఇరవయ్యారేళ్ళవాడు, ఇళ్ళకి పైకప్పు పెంకులు వేసే పని. శని, ఆదివారాల్లో అక్కడి బేస్‌బాల్ క్లబ్బులో పిచ్చర్. పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. పరుగెత్తుకుంటూ రాడు, ఒక మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకేసి, బంతి నేలకి తగలకుండా విసురుతాడు. ఫిబ్రవరి ఆఖరి శనివారం రాష్ట్ర జట్టుకి మనుషుల్ని ఎంచుకోడానికి సెలెక్టర్లు వస్తారు. అంతకుముందు రెండుసార్లు అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చాడట.

"ఈసారి కాకపోతే ఇంక నన్నెవరూ పిలవరు రత్నా. నాకంటే కుర్రాళ్ళు వచ్చేస్తున్నారు," అన్నాడు మొదటిరోజే. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు నవ్వలేదు.

చూశాను. కుడి భుజంలో రొటేటర్ కఫ్ వాచింది. భుజం కీలుని నాలుగువైపులా పట్టుకుని ఉంచే నాలుగు చిన్న కండరాల్ని కలిపి ఆ పేరుతో పిలుస్తాం. విసిరేవాళ్ళకి అది మామూలే. అల్ట్రాసౌండ్ పెట్టాను, ఐసు పెట్టాను, రబ్బరు ట్యూబు లాగే వ్యాయామాలు నేర్పాను. మూడు వారాల్లో చెయ్యి పూర్తిగా లేచింది, నొప్పి పోయింది. వెళ్ళి ఆడుకోమన్నాను. ఆడిన రెండో శనివారానికే నొప్పి తిరిగొచ్చింది.

"వ్యాయామాలు మానేశావు కదూ?" అని గదిమాను.

"ఒట్టు, మానలేదు," అన్నాడు. నేను నమ్మలేదు. మళ్ళీ మొదలుపెట్టాం. క్రిస్మస్‌కి ముందు మళ్ళీ తగ్గింది. మళ్ళీ ఆడాడు, మళ్ళీ వచ్చింది. మా భాషలో దీన్ని సెట్‌బ్యాక్ అంటాం, నాలుగు మెట్లెక్కి మూడు మెట్లు జారడం. ఒకసారి జారితే పేషెంటు తప్పు అనుకోవచ్చు. రెండోసారీ జారితే తప్పు నాదే అయ్యుంటుందని నాకు తెలుసు. ఆ తప్పేమిటో మాత్రం అంతుపట్టలేదు.

క్లినిక్ యజమానురాలు మార్గరెట్ డారెన్ వైద్యం వివరాలు రాసిన కార్డు తిరగేసి, "సర్జన్ దగ్గరికి పంపేద్దాం. జనవరి చివర్లో అపాయింట్‌మెంట్ ఉంది," అంది. ఆపరేషనంటే ఆ సీజను పోయినట్టే, ఫిబ్రవరి సెలెక్షన్ గంగలో కలిసినట్టే. నాకు అన్నం సహించలేదు ఆ రోజు. అతని కోసం బాధ సగం, నా చెయ్యి ఓడిపోతోందన్న ఉక్రోషం సగం.

దీనికి తోడు ఫోన్లు. క్లబ్బువాళ్ళు ఒకడి తరవాత ఒకడు క్లినిక్‌కి ఫోన్ చేసి, "డారెన్ శనివారం ఆడతాడా?" అని అడగడం. పేషెంటు సంగతి బయటికి చెప్పనని పెట్టేసేదాన్ని. ఎందుకింత ప్రేమ కారిపోతోందని డారెన్‌నే అడిగాను.

"ప్రేమా పాడా! పేపర్ టీము కోసం," అన్నాడు మంచం మీద బోర్లా పడుకుని. "ఈ వారం నా విలువ ఇంకా పడిపోయింది."

ఇప్పుడు అందరూ ఫాంటసీ అంటున్నారే, అదే. అప్పుడు ఇంటింటా కంప్యూటర్లు లేవు, కాగితం మీద ఆడేవాళ్ళు. క్లబ్బులో ఒక్కొక్కళ్ళూ లీగులోని ఆటగాళ్ళలోంచి తొమ్మిదిమందిని ఎంచుకుని కాగితం మీద ఒక జట్టు కట్టుకుంటారు. నిజం ఆటగాడు మైదానంలో బాగా ఆడితే కాగితం జట్టుకి పాయింట్లు. ఎవడి ఆట ఎలా ఉందో చూసి వారం వారం ఒక విలువ కట్టి నోటీసు బోర్డుకి అంటిస్తారు. సీజను చివర్లో బార్బీ, అంటే ఆరుబయట మాంసం, ఉల్లిపాయలు కాల్చుకునే విందు, చేసుకున్నప్పుడు గెలిచినవాడికి మొదటి ప్లేటు, అందరికంటే అడుగున ఉన్నవాడికి ఉల్లిపాయలు కోసే పని.

"మనుషులకి సంతలో గొడ్లకి కట్టినట్టు రేటు కడతారా?" అన్నాను.

"సీజను మొదట్లో నాదే అందరికంటే ఎక్కువ రేటు," అన్నాడు గర్వంగా. అంతలోనే మొహం ముడుచుకుపోయింది. "అదంతా రాసేది మీవాడే. స్కోరర్. నీలాగే మాట్లాడతాడు."

ఒంట్లో ఉన్న జబ్బు ఒంటి మీదే దొరుకుతుందని మాకు నేర్పారు. నేనూ అదే నమ్మాను. కానీ ఆ వారం నాకో సంగతి తట్టి సిగ్గేసింది. రెండు నెలలుగా ఒక పిచ్చర్‌కి వైద్యం చేస్తున్నాను, పిచ్చర్ బంతి విసరడం నేను ఒక్కసారి కూడా చూడలేదు! రాళ్ళతో మామిడికాయలు కొట్టిన చెయ్యే నాకు తెలిసిన విసురు. చెయ్యి ఊగుతుంది, రాయి పోతుంది, అంతే అనుకున్నాను.

జనవరి మొదటి శనివారం ఎండలో టోపీ పెట్టుకుని మైదానానికి వెళ్ళాను. డారెన్ రాలేదు, ఇంట్లో ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. వేరే పిచ్చర్లని చూస్తూ తీగ కంచె పక్కన గంటసేపు నిలబడ్డాను. పది బంతులు చూసేసరికే నా కళ్ళు చెయ్యి మీంచి కిందికి దిగాయి. విసురంతా ముందు కాలిలో ఉంది. ఎడమకాలు ఎంత దూరం పడితే, పడి ఎంత గట్టిగా నిలబడితే, చేతికి అంత హాయి. అది సరిగ్గా పడకపోతే ఆ బరువంతా ఎవరు మొయ్యాలి? భుజమే.

"తెలుగా అమ్మా?" అని వెనకనుంచి గొంతు వినిపించింది.

తెల్లచొక్కా, మెడలో రెండు పెన్సిళ్ళు, చంకలో పుస్తకం. ఆయనే స్కోరరు అప్పన్న గారు. ఫిజీలో పుట్టినాయన, అక్కడ బడిలో గుమాస్తాగా చేసి, 87లో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చి గొడవలయ్యాక కుటుంబంతో ఇక్కడికొచ్చి ఒక గిడ్డంగి ఆఫీసులో కుదురుకున్నారు. చెరుకుతోటల కూలికి ఫిజీ వెళ్ళిన తాతల నుంచి వచ్చిన తెలుగు, మధ్యలో హిందీ ముక్కలు, అందర్నీ నువ్వనే పిలుస్తారు. ఫిజియోనని చెప్పగానే ఆయన మొహం వెలిగింది. చెయ్యిపట్టుకు లాక్కెళ్ళినంత పని చేసి నోటీసు బోర్డు ముందు నిలబెట్టారు.

సీజను మొదట్నుంచీ వారం వారం కాగితాలు, ఒకదాని పక్కన ఒకటి. డారెన్ పేరు వెతుక్కుంటూ పోయాను. మొదటి రెండు వారాలు అన్నిటికంటే పైన. తరవాత కింద, ఇంకా కింద. నా కార్డులో భుజం నొప్పి మొదలైంది నవంబరు మొదట్లో. ఇక్కడ విలువ జారడం మొదలైంది అక్టోబరు మూడో వారం నుంచే!

"అంకుల్, ఈ వారం ఇతనికి ఎందుకు తగ్గించారు? అప్పటికి నొప్పేమీ లేదే?"

"నొప్పి సంగతి నాకేం ఎరుక? మోకాళ్ళ ఎత్తున పోవాల్సిన బంతులు పైకి పోతన్నాయి కదా, అందుకు తగ్గించినా." పుస్తకం తెరిచారు. ప్రతి బంతికీ ఒక గుర్తు ఉంది అందులో. "చూడు, ఇక్కడిదాకా బాగున్నాడు. ఈ ఇన్నింగ్స్‌లో బంతి అందుకోడానికి ఆ మూలనున్న ఫస్ట్ బేస్ సంచీ కాడికి ఉరికినాడు, కాలు అడ్డంగా పడి తూలినాడు. లేచి నవ్వినాడు. నేను పక్కన చుక్క పెట్టుకున్నా. ఆ చుక్క తరవాత నుంచి చూడు."

చుక్క తరవాత అన్నీ పైకిపోయిన బంతులే. నేను ఆ మనిషికి దణ్ణం పెట్టినంత పని చేశాను.

"ఇంతసేపు నా పుస్తకం చూపించినా కదా," అని ఆయన గొంతు తగ్గించారు. "ఒక్క ముక్క చెప్పు. వస్తాడా, రాడా? నా టీములో ఉంచుకోనా, తీసెయ్యనా?"

"చెప్పను అంకుల్."

"మనవాళ్ళమే కదమ్మా!"

"మనవాళ్ళైనా సరే. నా పేషెంటు సంగతి నా నోట రాదు."

ఆయన పుస్తకం ఠప్పున మూసేశారు. మొహం చిన్నబోయింది. నాకూ మనసులో గిల్టీగానే ఉంది, అంత సాయం చేసిన మనిషిని పట్టుకుని అలా అనేశానేమిటా అని. కానీ అనకుండా ఎలా?

సోమవారం డారెన్ రాగానే, "బూట్లు, సాక్సులు విప్పు," అన్నాను.

"నొప్పి భుజంలో కదా?"

"విప్పమన్నాను."

గోడకి ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తగిలించమన్నాను. కుడికాలు సుళువుగా తగిలింది. ఎడమకాలు సగంలోనే ఆగిపోయింది, చీలమండ కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"అక్టోబరులో ఫస్ట్ బేస్ దగ్గర," అన్నాను.

అతను గోడ వదిలి నా వైపు తిరిగాడు. "నీకెవరు చెప్పారు?"

"నువ్వు చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు?"

తలొంచుకున్నాడు. "సగం క్లబ్బు తమ టీములో నా పేరే మొదట రాసుకుంది. కాలు మెలిక పడిందని తెలిస్తే మర్నాడే కొట్టేస్తారు. నేనే కట్టు కట్టుకుని ఆడేశాను. షీ విల్ బీ రైట్, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం మీద అంకె కోసం ఒంటిని తాకట్టు పెట్టాడు! చెడామడా తిట్టాను. తిడుతుండగానే నా మీద నాకూ కోపం వచ్చింది. రెండు నెలల్లో ఒక్కసారైనా బూట్లు విప్పమన్నానా నేను? ఆ మాటే అతనితో అన్నాను. "ఇది నా తప్పు కూడా. నీ భుజం చూశాను, నిన్ను చూడలేదు."

మార్గరెట్ దగ్గరికి వెళ్ళి సర్జన్ అపాయింట్‌మెంట్ వాయిదా వెయ్యమన్నాను. కార్డు చూసింది, నన్ను చూసింది. "సరే. కానీ ఫిబ్రవరిలో మళ్ళీ తిరగబెడితే ఆ మాట సర్జన్‌కి నువ్వే చెప్పుకోవాలి," అంది.

ఏడు వారాలు పట్టుదలగా పనిచేశాం. బిగుసుకున్న కీలుని చేత్తో కొంచెం కొంచెంగా కదిపి వదులుచెయ్యడాన్ని మొబిలైజేషన్ అంటాం. అది చేశాను. ఒంటికాలి మీద నిలబెట్టాను, పిక్కలు సాగదీయించాను. ఆ తరవాతే బంతి చేతికిచ్చాను, అదీ పది అడుగుల దూరం నుంచి. వారానికి కొంత దూరం పెంచాను. ఒక్కటే షరతు పెట్టాను, నోటీసు బోర్డు వైపు కన్నెత్తి చూడకూడదు.

"అడుక్కి పోయుంటాను," అన్నాడు ఒకరోజు.

"పోనీ. నువ్వు విసిరేది కాగితానికి కాదు."

ఫిబ్రవరి మొదట్లో అప్పన్న గారు ఫోన్ చేశారు. "ఆఖరిసారి అడుగుతన్నా తల్లీ. అందరూ తీసేసినారు. నేనొక్కణ్ణే ఉంచుకున్నా." డారెన్ అప్పటికి పూర్తి దూరం నుంచి విసురుతున్నాడు, నొప్పి లేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "సారీ అంకుల్," అని ఫోన్ పెట్టేశాను. ఆ శనివారమే ఆయనా కొట్టేశారట.

సెలెక్షన్ రోజు మైదానం కంచె పట్టుకుని నిలబడ్డాను. డారెన్ దిబ్బెక్కాడు. ఎడమకాలు చాచి వేశాడు, పాదం నిండుగా నేలకి ఆనింది, బంతి మోకాళ్ళ ఎత్తున దూసుకుపోయింది. రెండోదీ అంతే. బేస్‌బాల్‌లో ఒక ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, అందులో ఐదు అలాగే వేశాడు. అయిపోయాక నా వైపు చూసి భుజం కాదు, ఎడమకాలు ఎత్తి చూపించాడు! నేను పగలబడి నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను కూడా. పది రోజులకి జట్టు ప్రకటించారు. ఆఖరి పేరు అతనిది. ఆఖరిదైతేనేం, ఉంది. ఆ రోజు ఇంటికెళ్ళి, మా ఇంట్లో అందరికీ బిర్యానీ చేసి పెట్టాను, ఎందుకో చెప్పకుండా.

ఆ సీజను చివరి వారాల్లో డారెన్ చేసిన పాయింట్లు ఏ కాగితం జట్టుకీ పడలేదు. అప్పన్న గారు అతన్ని తీసేసి తెచ్చుకున్న మనిషి అస్సలు ఆడలేదు. ఆయన అడుక్కి పోయి, బార్బీ రోజున బస్తా ఉల్లిపాయలు కోశారని డారెన్ చెప్పాడు. ఇంక ఈ జన్మలో ఆయన నాతో మాట్లాడరనుకున్నాను.

మరుసటి సోమవారం మధ్యాహ్నం క్లినిక్ తలుపు తోసుకుని అప్పన్న గారే వచ్చారు, వెనక ఆయన భార్య. ఆవిడ మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నారు.

"మా ఇంటావిడకి మోకాలు. డాక్టరు వేరే చోటికి పొమ్మన్నారు గానీ నేనే ఇక్కడికి తెచ్చినా," అన్నారు. "ఇక్కడ చెప్పినమాట గడప దాటదు. రెండుసార్లు అడిగి చూసినా కదా, నాకు ఎరుకే!"

ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి కర్టెన్ లాగాను. మంచమెక్కగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తారు, నెల కిందట తడినేల మీద పడ్డారు. "ఆయనకి చెప్పలేదమ్మా, పని మానెయ్యమంటాడని. ఇంట్లోనే దానికదే వచ్చిందన్నాను," అన్నారు. ఎవరికీ చెప్పని ఆ మాట నాకు చెప్పడానికి ఆవిడకి అర నిమిషం కూడా పట్టలేదు.

మనుషులు నొప్పిని దాచేది డాక్టర్ల దగ్గర కాదు, తమవాళ్ళ దగ్గర. తమవాళ్ళకి చేరదని నమ్మకం కుదిరాకే మాకు నిజం చెప్తారు. అది కుదరకపోతే నేను ఎంత పనిమంతురాలినైనా భుజమే పట్టుకుని కూర్చుంటాను. ఈ సంగతి నాకు ఏ పరీక్షా నేర్పలేదు, ఆ రెండు కేసులూ నేర్పాయి.

నేను బయటికి రాగానే అప్పన్న గారు కుర్చీలోంచి లేచారు. "ఏమైందట? ఎట్లా వచ్చిందట?"

"ఆవిణ్ణే అడగండి అంకుల్," అన్నాను.

ఇది మూడోసారన్నట్టు మూడు వేళ్ళు ఎత్తి చూపించారు. తరవాత పడీపడీ నవ్వుతూ మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు.